చిన్న స్టూడియోలో వ్యక్తిగత పిలాటిస్ క్లాసులు: టీచర్ నా శరీరాన్ని చూసి నేర్పిస్తున్నారని ఎలా తెలుసుకోవాలి?

కుర్చీ_ఉద్యోగం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. రోజంతా కూర్చుని చేసే పని నాది. పొద్దున లేవగానే నడుము బిగుసుకుపోయి ఉంటుంది, కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. కాల్లోకి లాగడం, తిమ్మిర్లు లాంటివి లేవు. డాక్టరు చూసి, ఇబ్బందేమీ లేదు, వ్యాయామం మొదలుపెట్టమన్నారు. మూడు రిఫార్మర్లు (స్ప్రింగుల మీద ముందుకీ వెనక్కీ జరిగే క్యారేజ్ అనే పలక ఉన్న మిషన్లు), ఒక కాడిలాక్ (పైన ఫ్రేమ్ ఉన్న మంచంలాంటి పరికరం), ఒక చైర్ (స్ప్రింగ్ పెడల్ ఉన్న పరికరం) ఉన్న చిన్న స్టూడియోలో పిలాటిస్ (శ్వాస, పొట్ట, వెన్ను మీద దృష్టి పెట్టే వ్యాయామ పద్ధతి) వన్ టు వన్ క్లాసులకి చేరాను. కొన్ని సందేహాలున్నాయి.

మొదటి క్లాసులో ఫారం నింపించుకుని నేరుగా వ్యాయామాల్లోకి వెళ్లిపోయారు. అసలు ముందు ఏం చూడాలి?

హండ్రెడ్ (పడుకుని తల లేపి చేతులు ఆడించే వ్యాయామం) చేస్తుంటే పొట్ట కంటే ముందు మెడ పట్టేస్తోంది. "అలవాటైతే పోతుంది" అన్నారు. నిజమేనా?

కాళ్లు స్ట్రాప్స్‌లో (మిషన్ తాళ్లకి ఉండే పట్టీల్లో) పెట్టి గుండ్రంగా తిప్పుతుంటే తుంటి ముందుభాగంలో టక్ టక్ మంటోంది. నొప్పి మాత్రం లేదు.

ఒక వ్యాయామంలో స్ప్రింగ్ తగ్గించారు. తేలికవుతుందనుకుంటే ఇంకా కష్టమైంది. ఇది సరైనదేనా?

రిఫార్మర్_టీచర్

గదిలో మీరొక్కరే ఉన్నంత మాత్రాన అది వ్యక్తిగత శిక్షణ అయిపోదండి. మీలో ఏదో చూసి, దాన్నిబట్టి ఏదో ఒకటి మార్చాలి. స్ప్రింగో, పాదాలు పెట్టే బారు ఎత్తో, వ్యాయామాల వరుసో, చెప్పే మాటో. క్లాసు మొత్తం మీద అలాంటి మార్పు ఒక్కటీ లేకపోతే అది ఒక్కరికోసం పెట్టిన గ్రూప్ క్లాసే.

మొదటి క్లాసులో కనీసం పావుగంట మాట్లాడడానికి, చూడడానికి పోవాలి. పాత దెబ్బలు, ఆపరేషన్లు, కాన్పులు, మందులు, బీపీ, ఎముకల సాంద్రత అడగాలి. తర్వాత నిలబెట్టి చూడాలి. ముఖ్యంగా నిలబడి తల నుంచి ఒక్కో పూసా వంచుకుంటూ కిందికి వెళ్లమన్నప్పుడు, వెన్ను ఎక్కడ వంగుతోంది, ఎక్కడ పలకలా మొత్తంగా కదులుతోంది అన్నది చూడాలి. ఎక్కువసేపు కూర్చునేవాళ్లలో చాలామందికి నడుము భాగం వంగనే వంగదు, వంపంతా వీపు పైభాగంలోనే వస్తుంది. ఇంకొందరికి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. రెండు చేతులూ తలపైకి ఎత్తమంటే పక్కటెముకలు ముందుకి పొడుచుకొస్తున్నాయా? ఒంటికాలి మీద నిలబడితే తుంటి పక్కకి జారుతోందా? వెల్లకిలా పడుకుని ఒక మోకాలిని నేలమీంచి లేపితే కటి భాగం (తుంటి ఎముకల గూడు) ఊగుతోందా? ఇవి చూడకుండా మీకేం కావాలో ఎవరూ చెప్పలేరు.

తర్వాత మిషన్‌ని మీ కొలతకి సర్దాలి. క్యారేజ్ ఆగే చోటు ఫుట్‌బార్‌కి ఎంత దూరంలో ఉండాలి, బారు ఎత్తు ఎంత, స్ట్రాప్ పొడవెంత, హెడ్‌రెస్ట్ లేపాలా దించాలా అన్నవి మనిషి మనిషికీ మారతాయి. పొడుగ్గా ఉన్నవాళ్లకి క్యారేజ్ బారుకి మరీ దగ్గరగా ఉంటే మోకాళ్లు ఛాతీ మీదికి వచ్చేసి తోక ఎముక లేచిపోతుంది. మీ ముందు క్లాసు వాళ్ల సర్దుబాటు మీదే మిమ్మల్ని పడుకోబెడుతున్నారంటే అడగండి.

ఫుట్‌వర్క్‌ని కొంచెం దగ్గరగా చెప్తాను, టీచర్ చూపు ఎంత పదునో అక్కడే తెలిసిపోతుంది. వెల్లకిలా పడుకుని, పాదాలు బారు మీద పెట్టి, క్యారేజ్‌ని బయటికి తోసి వెనక్కి తెచ్చుకోవడం. పైకి కనిపించేది ఇంతే. సంప్రదాయ పద్ధతిలో నాలుగు రకాలు: మడమలు కలిపి, వేళ్లు కాస్త ఎడం చేసి, వేళ్ల కింది మెత్తటి భాగం మీద, తర్వాత అరికాలి వంపుతో బారుని పట్టుకున్నట్టు, తర్వాత మడమల మీద, చివర్లో కాళ్లు చాపి మడమలు దించడం, ఎత్తడం. ఒక్కోటి 8 నుంచి 10 సార్లు. మామూలుగా మూడు, నాలుగు స్ప్రింగులు పెడతారు.

ఇక్కడ బయటపడేవి చూడండి. తోసిన ప్రతిసారీ మోకాళ్లు వెనక్కి విరుచుకుని తాళం వేసినట్టు బిగుస్తుంటే ఆఖరి అంగుళం వదిలేసి ఆపమనాలి, లేదా స్ప్రింగ్ తగ్గించాలి. మడమలు ఎత్తినప్పుడు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే ఒంటికాలితో విడిగా చేయించాలి. మోకాళ్లు లోపలికి పడుతుంటే మధ్యలో మెత్తని చిన్న బంతి పెట్టి, దాన్ని నొక్కకుండా పడిపోకుండా పట్టుకోమనాలి. క్యారేజ్ వెనక్కి వచ్చేటప్పుడు ధడేల్‌మని స్టాపర్‌కి కొట్టుకుంటుంటే అసలు సగం వ్యాయామం జరగట్లేదన్నమాట. తోయడంలో ఎంత పని ఉందో, స్ప్రింగ్ లాగుతున్నా లొంగకుండా నెమ్మదిగా తెచ్చుకోవడంలో అంతకంటే ఎక్కువ పని ఉంది. రెండు అంకెల్లో తోసి నాలుగు అంకెల్లో తెచ్చుకోండి, తేడా మీకే తెలుస్తుంది.

స్ప్రింగ్ తగ్గిస్తే కష్టమవడం మీ భ్రమ కాదు. స్ప్రింగ్ రెండు పనులు చేస్తుంది: అడ్డుకుంటుంది, ఆసరా ఇస్తుంది. ఫుట్‌వర్క్‌లో అది అడ్డు, కాబట్టి తగ్గిస్తే కాళ్లకి తేలిక. ప్లాంక్‌లో (చేతులు, పాదాల మీద ఒంటిని పలకలా నిలిపే వ్యాయామంలో) అది ఆసరా. తగ్గిస్తే క్యారేజ్ జారిపోకుండా మీ పొట్ట, భుజాలే ఆపాలి. బ్రిడ్జ్‌లోనూ (వెల్లకిలా పడుకుని తుంటి పైకెత్తేది) అంతే, తక్కువ స్ప్రింగ్ మీద క్యారేజ్ కదలకుండా ఉంచాలంటే తొడ వెనక కండరాలు గట్టిగా పనిచేయాలి. పైగా స్ప్రింగ్ సాగేకొద్దీ బలంగా లాగుతుంది, కాబట్టి ఒకే స్ప్రింగ్ పొట్టివాళ్లకీ పొడుగువాళ్లకీ ఒకే బరువు ఇవ్వదు. రంగులు కూడా కంపెనీని బట్టి మారతాయి. వేరే స్టూడియోకి వెళ్లినప్పుడు "నాది ఒక ఎరుపు, ఒక నీలం" అని చెప్తే సరిపోదు.

జాగ్రత్త విషయంలో కొన్ని కచ్చితంగా పాటించండి. ఒక్క స్ప్రింగైనా తగిలించకుండా క్యారేజ్ ఎక్కొద్దు, చక్రాల మీద సర్రున జారిపోతుంది. స్ప్రింగ్ మార్చేటప్పుడు క్యారేజ్ పూర్తిగా లోపలికి వచ్చి ఆగి ఉండాలి. కాళ్లకి స్ట్రాప్స్ వేసుకునేటప్పుడు ఒక పాదం బారు మీదే ఉంచి రెండోది వేసుకోవాలి, తీసేటప్పుడు ముందు రెండు పాదాలూ బారు మీదికి రావాలి. తుంటి పైకెత్తి భుజాల మీదికి దొర్లే వ్యాయామాలు ఏవి చేసినా హెడ్‌రెస్ట్ దించి ఉండాల్సిందే. లేకపోతే ఒంటి బరువు వంగిన మెడ మీద పడుతుంది.

నేల_చాప

మెడ సంగతి నేను చెప్తాను. "అలవాటైతే పోతుంది" అన్న మాట సరికాదు. చేసే తీరు మారకపోతే ఎన్నాళ్లు చేసినా మెడే మోస్తుంది.

హండ్రెడ్ అంటే తల, భుజాలు లేపి, చేతులు పక్కన కొద్ది ఎత్తులో పైకీ కిందికీ ఆడిస్తూ, 5 లెక్కలు శ్వాస తీసుకుని 5 లెక్కలు వదలడం, అలా 10 సార్లు. మెడ పట్టేయడానికి మామూలుగా మూడు కారణాలు. ఒకటి, వీపు పైభాగం వంగకుండా తలని మాత్రమే ముందుకి లాక్కోవడం. కూర్చుని పనిచేసేవాళ్లకి వీపు పైభాగం బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఇదే ఎక్కువ. రెండు, కాళ్లు మరీ కిందికి దించేయడం. ఆ బరువుకి నడుము లేచిపోతుంది, పొట్ట చేతులెత్తేస్తుంది, మెడ బిగుస్తుంది. మూడు, ఊపిరి బిగబట్టడం.

ఇలా చేసి చూడండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పాదాలు నేలమీదే ఉంచండి. రెండు చేతులూ తల వెనక పెట్టి తల బరువు పూర్తిగా చేతుల్లోకి వదిలేయండి. ముందు గడ్డం కొద్దిగా లోపలికి తీసుకోండి, ఛాతీకి అంటించకూడదు, మధ్యలో పిడికిలి పట్టేంత ఖాళీ ఉండాలి. శ్వాస వదులుతూ రొమ్ము ఎముకని కటి వైపు జార్చండి, దాంతోపాటే తల దానంతటది లేస్తుంది. భుజం రెక్కల కింది అంచులు నేలకి తగిలీ తగలనట్టుండే ఎత్తు చాలు. చూపు తొడల మీద ఉండాలి, పైకప్పు మీద కాదు. అక్కడ రెండు శ్వాసలు ఆగి దిగండి.

ఇది మెడ నొప్పి లేకుండా కుదిరాక, ఒక్కో కాలూ లేపి మోకాళ్లు తుంటికి సరిగ్గా పైన ఉండేలా మడిచి పెట్టండి. తర్వాత చేతులు తీసి 20, 30 లెక్కలు. మెడ బరువెక్కిన క్షణమే తల దించేసి చేతులు ఆడిస్తూ మిగతా శ్వాసలు పూర్తిచేయండి. పొట్టకి పని దక్కుతూనే ఉంటుంది. వీపు కింద సన్నటి దిండు గానీ, స్పైన్ కరెక్టర్ (వీపుని ఆనించే వంపు తిరిగిన పరికరం) గానీ పెట్టి కొంచెం ఎత్తు నుంచి మొదలుపెట్టినా తేడా వస్తుంది. కాళ్లు చాపడం అన్నిటికంటే చివర. నడుము నేలమీంచి విడిపోనంత ఎత్తులోనే చాపాలి.

ఇంకోటి. "బొడ్డుని వెన్నుకి అంటించండి" అన్న మాట విని బలమంతా పెట్టి పొట్ట పీల్చేయకండి. అప్పుడు పక్కటెముకలు కదలవు, శ్వాస మెడ కండరాలతో లాగాల్సి వస్తుంది. పూర్తి బలంలో మూడో వంతు చాలు. అరచేతులు పక్కటెముకలకి రెండు వైపులా పెట్టుకుని, శ్వాస తీసుకున్నప్పుడు చేతులు పక్కలకి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. ఈ ఒక్కటీ ఇంట్లో రోజూ చేయదగ్గ పని.

ఫిజియో_డెస్క్

తుంటి శబ్దం గురించి. తొడని పైకి లేపే కండరం తాలూకు స్నాయువు తుంటి ముందు ఎముక మీదుగా పోతుంది. కాలు చాచి దించేటప్పుడో తిప్పేటప్పుడో అది ఆ ఎముక మీద ఒకవైపు నుంచి ఇంకోవైపుకి జారితే టక్ మంటుంది. నొప్పి లేకపోతే సాధారణంగా భయపడాల్సింది కాదు. కానీ రోజూ అలా వందసార్లు అనిపించుకోవడం కూడా మంచిది కాదు, రాపిడికి తర్వాత నొప్పి మొదలవ్వచ్చు.

శబ్దం ఏ కోణంలో వస్తుందో కనిపెట్టి అంతకు ముందే ఆగండి. వలయం చిన్నది చేయండి, డిన్నర్ ప్లేటంత సరిపోతుంది. మోకాళ్లు కొంచెం మడిచి, పాదాలు కాస్త బయటికి తిప్పి చూడండి, చాలామందికి అక్కడితో ఆగిపోతుంది. స్ప్రింగ్ కూడా చూసుకోవాలి. మరీ తక్కువైతే కాళ్ల బరువు మోసే ఆసరా ఉండదు, కటి ఊగిపోతుంది, తుంటి ముందు కండరం బిగుస్తుంది. కాళ్లు ముఖం వైపు వచ్చేటప్పుడు తోక ఎముక లేస్తున్న చోటే మీ హద్దు. నొప్పి వచ్చినా, కీలు పట్టేసినట్టు ఆగినా, గజ్జల్లో గుచ్చినా తరగతి ఆపి చూపించుకోండి.

ఈ థ్రెడ్ చదివే మిగతావాళ్ల కోసం కూడా చెప్పాలి, ఎందుకంటే వ్యక్తిగత శిక్షణ నిజంగా అవసరమయ్యేది వీళ్లకే. ఎముకలు గుల్లబారినవాళ్లు వెన్ను ముందుకి గుండ్రంగా వంచే వ్యాయామాలు చేయకూడదు. అంటే రోల్ అప్ (పడుకుని వెన్ను చుట్టుకుంటూ లేచి కూర్చునేది), బంతిలా దొర్లేది, తల ఎత్తి చేసే హండ్రెడ్, వంగుతూ మెలితిప్పేవి. బరువుతో వెన్ను వంగితే పూసల ముందుభాగం నలిగి విరిగే ప్రమాదం ఉంది. వాళ్లకి ఫుట్‌వర్క్, నిలబడి చేసేవి, బోర్లా పడుకుని ఛాతీ కొద్దిగా లేపేవి, తుంటి దగ్గర మడవడం నేర్పించాలి. డిస్క్ జారినవాళ్లలో ఎక్కువమందికి వంగితే ఇబ్బంది. వెన్ను నాళం ఇరుకైనవాళ్లకి, పూస ముందుకి జారినవాళ్లకి వెనక్కి వంగితే ఇబ్బంది. అంటే ఒకరికి మంచిదైన వ్యాయామమే ఇంకొకరికి పనికిరాదు. గర్భిణులు మొదటి మూడు నెలలు దాటాక ఎక్కువసేపు వెల్లకిలా పడుకోకూడదు. కాన్పు తర్వాత తల లేపినప్పుడు పొట్ట మధ్యలో గీతలా ఉబ్బుతుంటే ఆ వ్యాయామం వెంటనే ఆపి తేలికైనదానికి దిగాలి. గ్లకోమా (నీటికాసులు) ఉన్నవాళ్లు తల కిందికి పెట్టే వ్యాయామాలు మానాలి, బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు.

కుర్చీ_ఉద్యోగం

చాలా చాలా థాంక్స్ అండి. నేల_చాప గారూ, తల చేతుల్లో పెట్టుకుని చేస్తే పొట్ట ఎక్కడ పనిచేస్తుందో మొదటిసారి తెలిసింది.

ఇంకో రెండు అడగాలి. మా టీచరు ప్రతి వ్యాయామంలోనూ నడుము నేలకి నొక్కి ఉంచమంటారు. వీడియోల్లో మాత్రం నడుము కింద చిన్న ఖాళీ ఉండాలంటున్నారు. ఏది సరి? రెండోది, ఎన్నాళ్లకి గ్రూప్‌లోకి మారొచ్చు? అప్పటిదాకా ఇంట్లో ఏం చేయాలి?

రిఫార్మర్_టీచర్

పాదాలు నేలమీదో బారు మీదో ఉన్నప్పుడు ఆ చిన్న ఖాళీ ఉండాలి. కటి ముందు రెండు ఎముకల మొనలు, కింద జఘన ఎముక ఒకే మట్టంలో ఉంటే అది సహజ స్థితి. నడుమెప్పుడూ నేలకి నొక్కి ఉంచితే పిరుదులు బిగుసుకుంటాయి, తుంటి సరిగ్గా మడవదు. పైగా మీ నడుము పొద్దున బిగుసుకుంటోందంటున్నారు, దానికి కదలిక కావాలి గానీ ఇంకో బిగింపు కాదు.

నేల_చాప

ఇక్కడ కొంచెం విభేదిస్తాను. రెండు కాళ్లూ గాలిలో ఉన్నప్పుడు, పొట్ట ఇంకా బలపడనివాళ్లకి సహజ స్థితి నిలబడదు. ఆ ఖాళీ పెరిగిపోయి నడుము మీద భారం పడుతుంది. వాళ్లు కొద్దిగా నడుము నేలకి దించి చేయడమే మేలు. బలం వచ్చాక మార్చుకోవచ్చు. కాబట్టి మీ టీచరు చెప్పేది కాళ్లు లేపిన వ్యాయామాలకి తప్పు కాదు, అన్నిటికీ అదే చెప్తేనే తప్పు.

రిఫార్మర్_టీచర్

కాళ్లు రెండూ లేపినప్పుడు, మొదట్లో, ఒప్పుకుంటాను. ఒక పరీక్ష పెట్టుకోండి: నడుము కింద వేళ్లు పెట్టి ఒక్కో కాలూ లేపండి. వేళ్ల మీద ఒత్తిడి మారకపోతే సహజ స్థితిలో చేయండి. వేళ్లమీంచి నడుము లేచిపోతుంటే కొంచెం దించి చేయండి. దాన్ని మీ టీచరుకి చూపించి అడిగితే, ఎందుకలా చెప్తున్నారో ఆవిడే చెప్తారు. చెప్పలేకపోతే అది కూడా ఒక సమాధానమే.

గ్రూప్ గురించి. ఇన్ని క్లాసులని లెక్క కంటే ఇవి చూసుకోండి. స్ప్రింగులు, బారు, స్ట్రాప్స్ మీ అంతట మీరు సర్దుకోగలుగుతున్నారా? మెడ పట్టేస్తే ఏం మార్చాలో టీచర్ చెప్పకుండానే చేసుకోగలుగుతున్నారా? మీకు పనికిరాని వ్యాయామం వస్తే దాని బదులు ఏం చేయాలో తెలుసా? ఇవి వచ్చాక నలుగురి క్లాసు దాకా ఫర్వాలేదు. అది దాటితే మడమ ఎత్తు తేడా ఎవరి కంటా పడదు. మధ్యేమార్గం ఒకటుంది, అడిగి చూడండి: ఇద్దరో ముగ్గురో ఒకే గంటలో ఎవరి వరుస వాళ్లు చేసుకుంటుంటే టీచర్ మధ్యలో తిరుగుతూ సరిదిద్దడం. న్యూయార్క్‌లో జోసెఫ్ పిలాటిస్ స్టూడియో నడిచిందీ అలాగే. 1945లో వచ్చిన ఆయన పుస్తకంలో 34 నేల వ్యాయామాలున్నాయి కదా అని ఆ వరుసంతా అందరూ చేసి తీరాలని లేదు.

టీచరు శిక్షణ గురించి కూడా మొహమాటపడకుండా అడగండి. నేల వ్యాయామాలకి మాత్రమే శిక్షణ పొందినవాళ్లూ ఉంటారు, అన్ని పరికరాల మీదా పొందినవాళ్లూ ఉంటారు. అమెరికాలోని నేషనల్ పిలాటిస్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ పరీక్షకి కూర్చోవాలంటే 450 గంటల సమగ్ర శిక్షణ ఉండాలి, కొలమానంగా అది గుర్తుపెట్టుకోండి.

నేల_చాప

ఇంటి కోసం. వారానికి రెండు క్లాసులుంటే, మిగతా రోజుల్లో పావుగంట చాలు. పొద్దున నడుము బిగుసుకుంటుంది కాబట్టి లేవగానే ముందుకి వంగేవి పెట్టుకోకండి. రాత్రంతా పడుకున్నాక డిస్కుల్లో నీరు ఎక్కువగా ఉంటుంది, లేచి కాసేపు తిరిగాక చేయండి, సాయంత్రమైనా సరే.

పక్కటెముకల శ్వాస 10 సార్లు. మోకాళ్లు మడిచి పడుకుని, కటిని కొద్దిగా ముందుకీ వెనక్కీ ఊపడం 8 సార్లు, నడుము కండరాలు బిగించకుండా. అదే స్థితి నుంచి ఒక్కో పూసా లేపుతూ బ్రిడ్జ్ 6 సార్లు. దిగేటప్పుడు వీపు, నడుము, తోక ఎముక ఆ వరుసలో నేలకి తగలాలి. నడుము మొత్తం ఒకేసారి దిగుతోందంటే అక్కడే వేగం తగ్గించండి, మీ బిగుతు ఉన్నది సరిగ్గా ఆ చోటే. తర్వాత తల చేతుల్లో పెట్టుకుని పైకి లేవడం 8 సార్లు. పక్కకి తిరిగి పడుకుని పైకాలు తుంటి ఎత్తుకి మించకుండా లేపి దించడం, ఒక్కో వైపు 10. చివర్లో బోర్లా పడుకుని, అరచేతులు భుజాల పక్కన పెట్టి, చేతుల మీద భారం వేయకుండా ఛాతీ కొద్దిగా లేపడం 6 సార్లు. కూర్చునే పనికి విరుగుడు ఇదే, దీన్ని మాత్రం వదలకండి.

స్ట్రాప్స్‌లో చేసే వలయాలు ఇంట్లో చేయకండి. స్ప్రింగ్ ఆసరా లేకుండా కాళ్లు తిప్పితే తుంటి శబ్దం పెరుగుతుంది. ప్రతి క్లాసు అయ్యాక రెండు ముక్కలు రాసుకోండి: ఏ వ్యాయామానికి ఏ స్ప్రింగు, ఎక్కడ ఏది పట్టేసింది. తర్వాతి క్లాసు మొదలయ్యే ముందు ఆ కాగితం టీచరు చేతిలో పెట్టండి.